తోడికోడలి దీవెనలు

మా అత్తమ్మ నోటి నుంచి ఒక మంచి మాట వినాలని నేను చాలా రంజాన్‌లు ఎదురుచూశాను. చివరికి ఆ మాట వచ్చింది. కానీ నా కోసం కాదు, మా తోడికోడలి కోసం. అదీ ఆ పిల్ల మా ఇంట్లో ఉన్న మొదటి ఒక్కపొద్దు రోజునే.

ఆ సాయంత్రం శనగలు తాలింపు వేసింది నేను. గంజి కాచింది నేను. పుచ్చకాయ కోసి, బజ్జీలు వేసి, చాప మీద అన్నీ సర్దింది నేను. ఆ పిల్ల వచ్చి అందరి చేతుల్లో ఖర్జూరాలు పెట్టింది, అంతే. అత్తమ్మకి ఇచ్చినప్పుడు ఆవిడ అలవాటుగా "చల్లగా ఉండమ్మా" అంది. ఆ పిల్ల తల వంచి ఏదో అరబ్బీ మాట అంది.

"దానికి అర్థమేందమ్మా?" అని అడిగింది అత్తమ్మ.

"జజాకిల్లాహు ఖైరన్ అన్నాను అత్తమ్మా. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి అని. మీరు దీవించినదానికి బదులు నేనేమిచ్చినా చాలదు కదా, అందుకని ఆయన్నే ఇమ్మని అడగడం."

మసీదు మైకులో ఒక్కపొద్దు విడిచే బాంగు మొదలైంది. అత్తమ్మ ఖర్జూరం నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి ఆ పిల్లనే చూస్తోంది. "ఇన్నాళ్ళకి మా ఇంట్లోకి వెలుగొచ్చిందమ్మా," అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, గంజిలో ఉప్పేసినావా లేదా?" అంది.

ఉప్పు వేశాను. సరిపోయింది కూడా.

అత్తమ్మకి ఆ పిల్ల అంటే ఎందుకంత మురిపెమో చెప్పాలంటే మా సంగతి కొంచెం చెప్పాలి. మేం దూదేకులవాళ్ళం. తాతల కాలంలో ఊరూరా తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టినవాళ్ళం. ఇప్పుడు పర్చూరు దగ్గర ఊళ్ళో మిరప, పత్తి సాగు చేసుకుంటున్నాం. మా ఇళ్ళల్లో ఉర్దూ లేదు. అమ్మా నాన్నా అన్నీ తెలుగే. రోజా అనం, ఒక్కపొద్దు అంటాం. నమాజులో చదివేవి పెద్దవాళ్ళ నోట విని నేర్చుకున్నవే గానీ, వాటి అర్థం ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాం. అక్కడ పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్ళు అత్తమ్మని ఉర్దూలో పలకరించారు. ఆవిడ తెలుగులో జవాబు చెప్పింది. వాళ్ళలో ఒకావిడ పక్కనున్నామె వైపు తిరిగి ఏదో అంటే ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆవిడే తెలుగులో, "మీరు నిజంగా మనవాళ్ళేనా?" అని అడిగింది. అత్తమ్మ బిర్యానీ ముట్టకుండా లేచి వచ్చేసింది. ఆ అవమానం ఆవిడ లోపల అలాగే ఉండిపోయింది.

మా మరిది గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. తనతో పనిచేసే ఆయన చెల్లెల్ని చేసుకుంటానన్నాడు. ఉర్దూ ఇల్లు. పిల్ల డిగ్రీ చదివింది, అరబ్బీ నేర్చుకుంది. అది వినగానే అత్తమ్మ మరో మాట లేకుండా ఒప్పుకుంది. గుంటూరులో ఇల్లు దొరికేదాకా ఆ పిల్ల మా దగ్గర ఉండేట్టు, మరిది శనివారం సాయంత్రాలు వచ్చి పోయేట్టు అనుకున్నారు. అలా వచ్చిందా పిల్ల మా ఇంట్లోకి.

ఆమెలో వంక పెట్టడానికి ఏమన్నా దొరికితే నాకు కాస్త ఊపిరి ఆడేది. దొరకలేదు. పొగరు లేదు, బద్ధకం లేదు. నన్ను ఉర్దూలో అక్కా అన్నట్టు "ఆపా" అని పిలిచేది, మీరు అనేది. గిన్నె తోమితే అడుగు కూడా మెరిసేట్టు తోమేది. నేను వేసిన తాలింపు వాసనకి వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మాషా అల్లాహ్, బారకల్లాహు ఫీకి ఆపా," అనేది. అదేంటో నాకు తెలియదు. అడిగితే చెప్పేదే. కానీ నేను అడగదలచుకోలేదు. పల్లెటూరిదాన్ని కాబట్టి నా ముందు తన చదువు ఒలకబోస్తోందని అనుకున్నాను.

నాలుగైదు రోజులకే ఆ పిల్ల సంగతి వీధంతా పాకింది. పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక మా వీధి ఆడవాళ్ళు మా వరండాలోకి చేరడం మొదలుపెట్టారు. ఆ పిల్ల మధ్యలో కూర్చుని మేం రోజూ అనే మాటలకే అర్థం చెప్పేది. సలాం అంటే శాంతి అని, పూర్తి సలాం చెబితే శాంతితో పాటు దయ, శుభం కూడా ఎదుటివాళ్ళకి కోరినట్టని చెప్పింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి వినేదాన్ని. వినకూడదనుకుంటూనే వినేదాన్ని.

ఒకరోజు ఎవరో అడిగారు, "రంజాన్ ముబారక్ అంటాం గదా, ముబారక్ అంటే ఏంది?"

"బరకత్ ఉన్నది అని అర్థం పెద్దమ్మా. బరకత్ అంటే ఉత్త లాభం కాదు. ఒంటె మోకాళ్ళు మడిచి ఒకచోట కూర్చోవడాన్ని చెప్పే మాట కూడా ఇలాగే ఉంటుంది అరబ్బీలో. కూర్చుంటే ఇక తొందరగా లేవదు కదా. అలా మన దగ్గరికి వచ్చి కదలకుండా ఉండిపోయే మంచిని బరకత్ అంటారు. ఈ నెల మీకు అలాంటి నెల కావాలని కోరడం."

"మన బర్రె కూలబడ్డట్టా?" అంది అత్తమ్మ.

వరండా అంతా నవ్వు. ఆ పిల్ల కూడా నవ్వి, "అంతే అత్తమ్మా. కర్రతో అదిలించినా లేవని బర్రె," అంది. అత్తమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అత్తమ్మ అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళలో నేను ఏం చెప్పినా "నీకేం తెలుసే" అని కొట్టిపారేసిన మనిషి, ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ప్రతి ముక్కా మళ్ళీ మళ్ళీ అడిగి నేర్చుకుంటోంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలనుకున్నారు, చూసినవాళ్ళు.

అత్తమ్మ సంగతి ఎలాగో ఓర్చుకున్నాను. నా కూతురు కూడా అటు వెళ్ళిపోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. అది అప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీ నుంచి రాగానే బ్యాగు విసిరేసి "పిన్నీ" అంటూ వెళ్ళేది. తల దువ్వించుకోవడం పిన్ని దగ్గరే. కబుర్లు పిన్నికే. ఒకరోజు పొరుగింటావిడకి నేను గుమ్మంలోంచి సలాం చెబితే, నా కూతురు నన్ను పక్కకి లాగి, "అమ్మా, నువ్వు సలామాలేకుం అని మింగేస్తున్నావు. అలా మింగితే అర్థం పోయిద్దంట. పిన్ని చెప్పింది," అంది.

"మీ పిన్ని పుట్టకముందు నుంచీ నేను సలాం చెబుతున్నానే," అన్నాను.

"మంచి మాటే గదమ్మా చెప్పింది. ఎందుకంత మండిపడతావు?"

నిజమే, మండుతోంది. ఒక్కపొద్దు ఉన్న కడుపులో ఆకలి కన్నా అదే ఎక్కువ మండుతోంది. నోరు కట్టుకుంటే సరిపోదు, మనసు కూడా కట్టుకోవాలని మా నాన్న రంజాన్ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఆ ఏడు నాకు నోరొక్కటే కట్టుబడింది.

నేను కూడా నేర్చుకుని చూపిస్తాననుకున్నాను. కల్లంలో మిరపకాయలు ఎగదోస్తూ, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ, ఫోన్ కొంగులో దాచుకుని వీడియోలు పెట్టుకునేదాన్ని. కోత కూలీలు వస్తే ఆపేసేదాన్ని. ఎవరో అరబ్బీ దీవెనలు చెబుతుంటే లోలోపల పదే పదే అనుకునేదాన్ని. ఒకటి పూర్తిగా నోటికి వచ్చిందనుకున్న రోజు సాయంత్రం పొరుగింటావిడ గిన్నెడు సేమ్యా పట్టుకొచ్చింది. ఒక్కపొద్దు విడిచి అందరం చాప మీద కూర్చుని ఉన్నాం. ఇదే సమయమనుకుని, గిన్నె అందుకుంటూ గట్టిగా, "జజాకల్లాహు ఖైరన్, బారకల్లాహు ఫీక్," అన్నాను.

మా ఆయన తలెత్తి చూశాడు. అత్తమ్మ నోరు తెరిచింది. నా గుండె పొంగిన ఆ క్షణంలోనే నా కూతురు పకపకా నవ్వింది.

"అమ్మా, అది మగాళ్ళకి చెప్పేది! పొరుగింటి పిన్నమ్మకి మీసాలొచ్చాయా ఏంది?"

అందరూ నవ్వారు. పొరుగింటావిడ మూతి తడుముకుంటూ ఇంకా నవ్వించింది. తోడికోడలు ఒక్కతే నవ్వలేదు. "అలా కూడా చాలామంది అంటారు. తప్పేం లేదు. ఆపా ఉచ్చారణ ఎంత బాగుందో చూడండి," అంది. నలుగురూ నవ్వినందుకు కాదు, ఆ పిల్ల నన్ను వెనకేసుకొచ్చినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల జాలి మీద బతకాల్సి వచ్చిందే అనిపించింది. గిన్నె లోపల పెట్టే వంకతో లేచి వెళ్ళి, వంటింట్లో గోడకి ఆనుకుని మంచినీళ్ళు తాగాను.

రంజాన్ సగం దాటాక ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కాయలన్నీ కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ఎండిన కాయ మీద చినుకు పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఏడాది కష్టం నేలపాలు. మా ఆయన పొలం అవతల మడిలో ఉన్నాడు. నేనూ అత్తమ్మా పరిగెత్తాం. పరదా పట్టలు ఒక మూల చుట్టి ఉన్నాయి. గాలి లేచింది. నేను ఒక పట్ట విప్పి లాగుతుంటే అది గాలికి తిరగబడుతోంది.

"ఏమే, ఆ కొస తొక్కి పట్టు! రాయి పెట్టవే! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?" అని అత్తమ్మ అరుస్తోంది. నేను ఆ కొస తొక్కాను, ఈ కొస లాగాను. ఇంతలో తోడికోడలు చున్నీ నడుముకి చుట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

వెంటనే అత్తమ్మ గొంతు మారిపోయింది. "నువ్వెందుకమ్మా వచ్చావు? నీ చేతులు మండుతాయి తల్లీ. ఇంటికి పోమ్మా, మేం చూసుకుంటాం."

ఆ పిల్ల వినలేదు. చెదిరిన కాయల్ని రెండు చేతులతో కుప్పలోకి దోయడం మొదలుపెట్టింది. నేను పట్ట కప్పుకుంటూ వస్తే ఆమె రాళ్ళు పెట్టుకుంటూ వచ్చింది. పట్టలన్నీ కప్పేసరికి వాన మొదలైంది. అత్తమ్మ పక్క కల్లం వాళ్ళని కేకేస్తూ అటు వెళ్ళింది. ఈ పిల్ల ముఖం మీద నీళ్ళు తుడుచుకోబోయి అదే చేత్తో కళ్ళు నులుముకుంది. మరుక్షణం "అమ్మా" అని అరుస్తూ కూర్చుండిపోయింది.

నేను ఆమెని చెయ్యి పట్టుకుని మోటారు షెడ్డులోకి తీసుకెళ్ళాను. తొట్లో నీళ్ళు దోసిళ్ళతో కళ్ళ మీద కొట్టాను. నా చేతులు అప్పటికే ఆ ఘాటుకి అలవాటుపడి మొద్దుబారినవి, కారం అంటినా తెలియదు, అందుకే ముందు సబ్బుతో రుద్దుకుని మరీ కడిగాను. మంట తగ్గినా ఆమె ఏడుపు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"తగ్గిద్దమ్మా, కాసేపు ఓర్చుకో," అన్నాను.

"కళ్ళ గురించి కాదు అక్కా," అంది. ఆపా అనలేదు. "అత్తమ్మ మిమ్మల్ని తిడుతుంది చూడండి, ఆ కొస పట్టు, ఈ కొస పట్టు అని. నన్ను ఒక్కసారి కూడా అలా అనలేదు. ఇంటికి పోమ్మా అంటుంది. నేను చుట్టాన్నా? ఊరగాయ జాడీ ముట్టనివ్వదు, బీరువా తాళం అడిగితే 'పెద్దదాన్ని అడుగు' అంటుంది. వరండాలో నలుగురి ముందు నన్ను కూర్చోబెడుతుంది. వాళ్ళు వెళ్ళాక నాతో మాట్లాడటానికి ఆవిడకి ఏమీ ఉండదు. వంటింట్లోకి వచ్చి మీతో పోట్లాడుతుంది. మిమ్మల్ని చూస్తే నాకు ఎంత కుళ్ళుగా ఉంటుందో మీకు తెలియదు."

నేను తొట్లోంచి ఇంకో దోసెడు నీళ్ళు తెచ్చాను.

"మిమ్మల్ని చూసినప్పుడల్లా బారకల్లాహు ఫీకి అంటాను కదా. ఎందుకనుకున్నారు?"

"నీ చదువు నాకు చూపించడానికి అనుకున్నాను," అన్నాను ఉన్నమాట.

ఆ ఏడుపులోనే ఆమెకి నవ్వొచ్చింది. "ఎదుటివాళ్ళ దగ్గర మనకి నచ్చింది కనిపించినప్పుడు అలా అనమని మాకు నేర్పారక్కా. 'అల్లాహ్ నీకు ఇచ్చినదాంట్లో బరకత్ ఇవ్వాలి' అని. మన కన్ను వాళ్ళకి తగలకుండా. వాళ్ళది పోవాలని కోరుకుంటే అది హసద్. వాళ్ళది వాళ్ళకి ఉండి, నాకూ అలాంటిది కావాలనుకుంటే దాన్ని గిబ్తా అంటారు. నాది హసద్ కాకూడదని రోజూ అనుకుంటూనే ఉన్నాను."

నిజం చెప్పాలంటే నాకు ముందు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఇంత చదువుకున్న పిల్ల, ఇంత తెల్లటి పిల్ల, అత్తమ్మ నెత్తిన పెట్టుకున్న పిల్ల, నన్ను చూసి కుళ్ళుకుంటోందా అని ఒళ్ళంతా చల్లబడింది. కాసేపటికి ఆ సంతోషం కూడా నిలవలేదు. ఆమె కుళ్ళుకి పేరుంది. తెలిసి, పట్టి, దీవెనగా మార్చి నా ముఖానే చెప్పగలిగింది. నా కుళ్ళు మాత్రం అన్నాళ్ళూ పేరు లేకుండా కడుపులోనే పడి ఉంది. అసూయలో కూడా ఆ పిల్ల నాకంటే ముందే ఉందే అని మళ్ళీ కుళ్ళొచ్చింది.

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. ఏదో ఒకటి అనాలి కదా. "ఆవిడ తిట్లు పడితే తెలిసిద్ది నీకు, ఎంత కమ్మగా ఉంటాయో," అన్నాను. తర్వాత, "నేనూ నిన్ను చూసి ఏడుస్తానే," అన్నాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. "మా పిల్ల నీ వెనక తిరిగిద్ది. ముసలావిడ నీ మాటకి చప్పట్లు కొట్టిద్ది. నాది ఆ రెండోది కాదమ్మా, మొదటిదే. నువ్వు మా ఇంటికి రాకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నా."

ఆమె తడి కళ్ళతో నన్ను చూసింది. బాధపడుతుందనుకున్నాను. "అయితే మీరు కూడా అనండక్కా, ఆ మాట. నమ్మకం లేకపోయినా అనండి. అంటూ ఉంటే మెల్లగా అదే వస్తుంది," అంది.

ఆ రోజు అనలేకపోయాను. మర్నాడు సాయంత్రం నా కూతురు ఆమె ఒళ్ళో తలపెట్టి పడుకుని ఉంటే చూసి, గుండెలో పాత మంట లేవగానే, పెదాలు కదిపి "బారకల్లాహు ఫీకి" అనుకున్నాను. ఆడవాళ్ళకి ఫీకి అనాలని ఈసారి గుర్తుంది. మంట ఆరలేదు. కానీ ఆ మాట అనుకునే కాసేపు, ఇంకొకటి అనుకోవడానికి నాకు తీరిక లేకపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఒక్కటే. ఆమెని మర్యాదగా పిలవడం మానేశాను. "ఏమే, వెల్లుల్లి ఒలిచావా? ఇట్టాగేనా పిండి కలిపేది? నీళ్ళు తక్కువ పోశావు," అని కసురుకునేదాన్ని. మొదటిసారి అత్తమ్మ కంగారుపడి, "అట్టా అంటావేందే ఆ పిల్లని," అంది. ఆ పిల్ల పిండి చేతులతోనే నవ్వుతూ, "అననివ్వండి అత్తమ్మా," అంది. నిజం చెప్పనా, ఆ కసుర్లలో సగం ప్రేమ అయితే సగం కసి. రెండూ కలిసి ఉన్నాయని ఆమెకీ తెలుసు.

పండగ నాడు ఈద్గా నుంచి మగవాళ్ళు వచ్చాక గుంటూరు నుంచి ఆమె తల్లి, అన్న వచ్చారు. ఆ తల్లి లోపలికి వస్తూనే అత్తమ్మని కౌగిలించుకుని, "తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్కుమ్," అంది. అత్తమ్మ బిగుసుకుపోయింది. గుంటూరు పెళ్ళిలో పట్టుచీరలావిడ ముందు నిలబడ్డ మనిషి ముఖం మళ్ళీ కనిపించింది నాకు. నేను ముందుకు వెళ్ళి, "మా ఉపవాసాలు, మీ ఉపవాసాలు అల్లా స్వీకరించాలి అంటున్నారత్తమ్మా," అన్నాను. అది ఆ పిల్ల రెండు రోజుల ముందు వంటింట్లో నాకు చెప్పిందే. అత్తమ్మ తేరుకుని ఆవిడ చేతులు పట్టుకుంది. "అట్టాగే వదినా. మీవీ, మావీ," అంది తెలుగులో. ఆ తల్లి కళ్ళు తుడుచుకుని, తను కూడా తెలుగులోకి దిగి, "మా అమ్మాయి మీ ఇంట్లో సుఖంగా ఉందా వదినా?" అని అడిగింది.

అత్తమ్మ తోడికోడల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. "పెద్దది చూసుకుంటందమ్మా," అంది.

ఆ మాట నన్ను మెచ్చుకున్నట్టో, ఉన్న సంగతి చెప్పినట్టో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఎదురుగా తోడికోడలు నన్ను చూసి పెదాలు కదిపింది. ఏమంటోందో వినబడకపోయినా తెలిసింది. కుళ్ళుకుంటోంది పాపం.

కోతలన్నీ అయ్యాక వాళ్ళకి గుంటూరులో ఇల్లు దొరికింది. నేను కారం డబ్బా, గోంగూర పచ్చడి కట్టి ఇచ్చాను. ఇప్పుడు అత్తమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేయించుకుని ఆమెతో చాలాసేపు మాట్లాడుతుంది. నవ్వుతుంది. నన్ను పిలిచి ఫోన్ ఇవ్వడం మాత్రం మరిచిపోతుంది. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వింటూ ఉంటాను. నా కూతురు గుంటూరులో డిగ్రీ చదువుతానంటోంది, పిన్ని ఇంట్లో ఉండి. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. పంపడానికి మనసూ లేదు. నిన్న దరఖాస్తు పెట్టుకోమని మా ఆయనతో చెప్పించాను.